లైట్ కర్వ్‌లో చుక్కలన్నీ నావే: ఎవరూ చూడని వేరియబుల్స్‌ని ఎవరికి అంటగట్టాలి?

చుక్కలరాయుడు
ఫిర్యాదు అనుకోండి, ఏడుపు అనుకోండి. మూడేళ్ల నుంచి వేరియబుల్ స్టార్స్, అంటే కాంతి పెరిగి తరిగే నక్షత్రాలు, చూస్తున్నా. దక్షిణాకాశంలో పప్పిస్ రాశిలో ఒక ఎర్ర చుక్క, సెమీరెగ్యులర్ రకం (ఊగుడుకి లయ సరిగ్గా ఉండదు), 10x50 బైనాక్యులర్‌కి హాయిగా అందుతుంది. నిన్న దాని లైట్ కర్వ్, అంటే అందరూ పంపిన కాంతి అంచనాల (ఎస్టిమేట్ల) గ్రాఫ్, తెరిచా. గత రెండు సీజన్లలో ఉన్న ఎస్టిమేట్లలో సగానికి పైగా నావే. మొదట గర్వమనిపించింది. ఐదు నిమిషాలయ్యాక భయమేసింది. నాకు జ్వరమొచ్చిన వారం ఆ నక్షత్రం ఏం చేసిందో ఎవరికీ తెలియదన్నమాట.

మొన్న మా క్లబ్ మీటింగ్‌లో దీని గురించే అరగంట మాట్లాడా. నలభై నక్షత్రాల లిస్ట్ ప్రింట్ తీసి పంచా. అందరూ తలలూపారు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో వచ్చినవి: శని ఫోటో, ఇంకో శని ఫోటో, ఓరియన్ నెబ్యులా, మళ్లీ శని. ఎస్టిమేట్ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి లేదు. నా లిస్ట్‌లో ఎవరో మిర్చి బజ్జీలు పెట్టుకుని తినడం మాత్రం కళ్లారా చూశా.

మనవాళ్లని ఇటు తిప్పడమెలా?

సాఫ్ట్‌వేర్_శ్రవణ్
తిప్పడం ఎందుకు అనేది నా ప్రశ్న. ఏసాస్-ఎస్ఎన్ లాంటి ఆటోమేటిక్ కెమెరా సర్వేలు రాత్రి రాత్రికీ ఆకాశమంతా తుడిచేస్తున్నాయి. చిలీలో రూబిన్ అబ్జర్వేటరీకి 8.4 మీటర్ల అద్దం. మీ బైనాక్యులర్‌తో కంటి అంచనా వేస్తే 0.2, 0.3 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) తప్పు ఎటూ ఉంటుంది. అభిరుచిగా చేసుకుంటే తప్పు లేదు, సైన్స్ అని చెప్పి జనాన్ని లాగకండి.

మఖ_పుబ్బ_ఉత్తర
వచ్చాడండీ 😀 శ్రవణ్ లేకుండా ఇక్కడ ఏ చర్చా మొదలవ్వదు

పెన్నా_తీరం
శ్రవణ్, ఆ పెద్ద కెమెరాలన్నిటికీ ఒకటే జబ్బు. వెలుగు ఎక్కువైతే సెన్సర్ నిండిపోతుంది. ఏసాస్-ఎస్ఎన్‌కి 10, 11 మాగ్నిట్యూడ్ కంటే ప్రకాశవంతమైనవి ఇబ్బంది. రూబిన్‌కి అయితే మన బైనాక్యులర్ చుక్కలు కంట్లో టార్చ్ కొట్టినట్టే. అంటే 4 నుంచి 9 దాకా ఉన్న నక్షత్రాలు, మన నెత్తి మీద బాహాటంగా వెలుగుతున్నవే, సర్వేల వలలోంచి జారిపోతున్నాయి. కనపడనివాటి కంటే కనపడేవే అనాథలయ్యాయి.

సాఫ్ట్‌వేర్_శ్రవణ్
టెస్ ఉపగ్రహం ఉందిగా, దానికి ప్రకాశవంతమైనవే కావాలి.

పెన్నా_తీరం
ఉంది. ఒక సెక్టార్‌ని (ఆకాశంలో ఒక ముక్కని) దాదాపు 27 రోజులు చూసి పక్కకి జరుగుతుంది. మీరా రకం వేరియబుల్స్ (బాగా ఊగే ఎర్ర చుక్కలు) ఒక్కసారి పెరిగి తరగడానికి వందల రోజులు, కొన్నిటికి 300 పైన పడుతుంది. 27 రోజుల్లో ఏం తెలుస్తుంది, పెళ్లికి వెళ్లి కాళ్లు కడిగించుకుని వచ్చేసినట్టు.

సాఫ్ట్‌వేర్_శ్రవణ్
సరే, ఆ పాయింట్ ఒప్పుకుంటా. 0.3 తప్పు సంగతి?

బైనాక్యులర్_బాబాయ్
శ్రవణ్ బాబూ, ఆర్ లియోనిస్ అనే నక్షత్రం ఒక చుట్టులో 4.4 నుంచి 11.3 దాకా పోతుంది. దాదాపు ఏడు మాగ్నిట్యూడ్లు. ఐదు మాగ్నిట్యూడ్లంటేనే వంద రెట్ల తేడా కదా. అంత ఊగేదానికి 0.2 తప్పు ఓ లెక్కా? కొండ ఎత్తు కొలుస్తుంటే చెప్పుల మందం అడిగినట్టుంది.

అయితే నీ మాట పూర్తిగా కొట్టేయను. మొత్తం ఊగుడే 0.3 ఉన్న సెమీరెగ్యులర్లు బోలెడున్నాయి. వాటిని కంటితో అంచనా వేసి పంపడం దండగ, అది కెమెరా వాళ్ల పని. రాయుడు పంచిన నలభైలో అలాంటివి ఎన్ని ఉన్నాయో చూసుకోవాలి.

చుక్కలరాయుడు
...పదకొండు ఉన్నాయి బాబాయ్. ఇప్పుడే చూశా.

మఖ_పుబ్బ_ఉత్తర
బజ్జీలు పెట్టుకున్నది ఆ పేజీలోనే అయ్యుంటుంది

కొత్తగా_చేరా
నాకు సగం అర్థం కాలేదు కానీ ఆసక్తిగా ఉంది. తెనాలి మాది, డిగ్రీ రెండో ఏడు. మామయ్య ఇచ్చిన పాత 7x50 బైనాక్యులర్ ఉంది. అసలు "అంచనా వేయడం" అంటే ఏం చేస్తారు? మీటర్ ఏమీ ఉండదా?

బైనాక్యులర్_బాబాయ్
మీటర్ నీ కన్నే తల్లీ. చార్ట్‌లో నీ నక్షత్రం చుట్టూ మారని నక్షత్రాలు కొన్నిటికి అంకెలు వేసి ఉంటాయి. 57 అంటే 5.7. మధ్యలో చుక్క పెట్టరు, పెడితే అదీ ఓ నక్షత్రమనుకుంటాం కదా. నీ చుక్క 57 కంటే మసకగా, 64 కంటే వెలుగ్గా ఉందనుకో. ఎటువైపు దగ్గరగా ఉంది? సరిగ్గా నడిమికి ఉంటే 6.0 లేదా 6.1. అంతే. పచారీ కొట్లో చేత్తో తూచి "పావుకిలో ఉంటుందిలే" అనే శెట్టిగారి లెక్క. ఆయన చెయ్యి ఎప్పుడూ తప్పేది కాదు, ఎందుకంటే రోజూ తూచేవాడు.

ఎర్ర చుక్కలతో ఒక్క జాగ్రత్త. తదేకంగా చూడకు. చూస్తూ ఉంటే కంట్లో ఇంకా ఇంకా వెలుగు పెరిగినట్టు అనిపిస్తుంది. ఇలా చూసి అలా పక్క చుక్క మీదికి వెళ్లిపో, మళ్లీ రా.

కొత్తగా_చేరా
రాత్రి 12 దాటాక చూస్తే ఏ తేదీ వేయాలి? నాకు నవంబర్‌లో రికార్డు పుస్తకంలో ఇదే గొడవ.

డల్లాస్_పద్మ
ఈ విషయంలో ఇండియాలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. జూలియన్ డేట్ (రోజులకి వరసగా వేసే నంబర్) మారేది యూనివర్సల్ టైమ్ ప్రకారం మధ్యాహ్నం 12కి. అంటే మీకు సాయంత్రం 5:30. రాత్రంతా ఒకే నంబర్, తెల్లారేదాకా మారదు. నాకిక్కడ చలికాలంలో అది పొద్దున 6కి మారుతుంది, తెల్లవారుజామున చూస్తుంటే ఓ కన్ను గడియారం మీద ఉండాలి.

సమయం వేసేటప్పుడు మాత్రం 5:30 గంటలు తీసేయడం మర్చిపోవద్దు.

ఉప్పాడ_గాలి
ఆ 5:30 దగ్గరే నా పరువు పోయింది. ఆల్గాల్ గ్రహణం చూశా, నా మొదటిది. అది జంట నక్షత్రం, ఒకటి ఇంకోదానికి అడ్డొస్తే కాంతి పడిపోతుంది. 2.1 నుంచి 3.4కి పడిపోతుంటే మా మేడ మీద ఒక్కణ్ణే గంతులేశా. మన టైమే పెట్టి పంపేశా. గ్రాఫ్‌లో అందరి చుక్కలూ ఒక చోట లోయలో ఉంటే నావి మాత్రం ఐదున్నర గంటలు పక్కకి జరిగి ఇంకో లోయ తవ్వాయి. కొత్త నక్షత్రం కనిపెట్టావా అని ఒక మిత్రుడు అడిగాడు.

మఖ_పుబ్బ_ఉత్తర
😂😂 ఉప్పాడ లోయ

సాఫ్ట్‌వేర్_శ్రవణ్
ఇదే నేను చెప్పేది. ఇలాంటి డేటాని శాస్త్రవేత్తలు ఎలా నమ్ముతారు?

ఉప్పాడ_గాలి
తప్పు తెలిశాక సరిదిద్దే సదుపాయం ఉంది కాబట్టి. వెళ్లి నా ఎంట్రీలన్నీ మార్చుకున్నా. మీ ఆఫీసులో బగ్గులు రావా ఏమిటి?

డల్లాస్_పద్మ
రాయుడు గారి ప్రశ్న పక్కకి పోతోంది. నా ఉద్దేశంలో మనవాళ్లకి చెప్పాల్సింది "ఎవరూ చూడటం లేదు పాపం" అని కాదు, మన చోటికి ఉన్న విలువ. మీకు తెల్లారేటప్పటికి నాకు సాయంత్రం. ఒక గ్రహణ జంట పీరియడ్ (ఒక చుట్టుకి పట్టే కాలం) దాదాపు సరిగ్గా 3 రోజులుందనుకోండి. గ్రహణం నాకు పగటి పూట పడితే ఆ సీజనంతా పగలే పడుతుంది. నేనెంత తపస్సు చేసినా కనపడదు. అదే మీకు అర్ధరాత్రి. జపాన్, ఆస్ట్రేలియాలకీ ఐరోపాకీ నడుమ మన రేఖాంశం మీద క్రమం తప్పకుండా చూసేవాళ్లు తక్కువ. అక్కడే ఖాళీ.

ఇంకోటి దక్షిణాకాశం. నాకు డల్లాస్ నుంచి పప్పిస్ కింది సగం చెట్లలోనే. మీకు అది ఎంత పైకి వస్తుందో తలుచుకుంటే కుళ్లు.

బైనాక్యులర్_బాబాయ్
పద్మమ్మ దక్షిణం అంది కాబట్టి ఒక పాత సంగతి చెప్పకుండా ఉండలేను. కాస్త పొడుగవుతుంది, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

మద్రాసు అబ్జర్వేటరీలో 1861 నుంచి పాగ్సన్ అనే ఆయన పెద్ద. ఒక మాగ్నిట్యూడ్‌కి 2.512 రెట్లు అనే లెక్క పెట్టింది ఆయనే, 1856లో. ఆయన దగ్గర పనిచేసిన చింతామణి రఘునాథాచారి గారు 1867లో ఆర్ రెటిక్యులై అనే నక్షత్రం కాంతి మారుతోందని పట్టుకున్నారు. ఆ నక్షత్రం మద్రాసుకి ఎంత ఎత్తుకి వస్తుందో లెక్క వేసుకోండి. నట్టనడుమకి వచ్చినప్పుడు కూడా దిగంతం మీద 14 డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే పిడికిలిన్నర. అంత కిందున్న చుక్క మీద ఆయన కన్ను పడింది.

రెండోది జెస్సోర్, ఇప్పుడు బంగ్లాదేశ్. రాధా గోబింద చంద్ర. మెట్రిక్ గట్టెక్కలేదు, కలెక్టరేట్ ఖజానాలో డబ్బు లెక్కపెట్టే చిన్న ఉద్యోగం. 1918లో గరుడ రాశిలో నోవా (ఉన్నట్టుండి భగ్గుమనే నక్షత్రం) పేలితే చూసి రాసుకున్నాడు. అలా అమెరికాలో వేరియబుల్స్ చూసేవాళ్ల సంఘం ఏఏవీఎస్ఓతో ఉత్తరాలు మొదలయ్యాయి. 1954 దాకా పంపిన ఎస్టిమేట్లు 37 వేలకి పైగా. ఆయన పని చూసి వాళ్లు 1926లో ఆరంగుళాల పైచిలుకు టెలిస్కోప్ ఓడలో పంపించారు. తర్వాత అది వేణు బప్పు గారి చేతికి వచ్చింది. బప్పు గారు మన హైదరాబాద్‌లోనే పెరిగారు, వాళ్ల నాన్నగారు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు.

నేనూ ముప్పై ఏళ్లు క్యాష్ కౌంటర్లో నోట్లు లెక్కపెట్టినోణ్ణే. ఆ ఖజానా గుమాస్తా సంగతి చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే సెకండ్ హ్యాండ్ బైనాక్యులర్ కొన్నా. ఇప్పటికి 2,300 చిల్లర ఎస్టిమేట్లు. ఆయన్ని అందుకోవాలంటే ఇంకో రెండు జన్మలు కావాలి.

పెన్నా_తీరం
బాబాయ్ 🙏 ఆర్ రెటిక్యులై ఒకసారి ప్రయత్నించాలి. మాది మద్రాసుకి కొంచెం పైనే.

ఉప్పాడ_గాలి
నేను ప్రయత్నించా. 17వ అక్షాంశం దగ్గర అది పది డిగ్రీలే. కొబ్బరి మట్టల మధ్య ఊగుతూ ఉంది, కాంతి మారుతోందో మట్ట అడ్డొస్తోందో తెలియలేదు. పైగా సముద్రం తేమకి పది నిమిషాలకోసారి లెన్సుల మీద మంచు. చొక్కాతో తుడవకండి, నేను తుడిచి గీతలు పెట్టుకున్నా.

మఖ_పుబ్బ_ఉత్తర
ఆర్ద్ర (బెటెల్‌గీస్) మసకబారినప్పుడు ఇక్కడ ఎంత హడావిడో గుర్తుందా? 2019 చివర్లో మొదలై ఫిబ్రవరి 2020కి 1.6 దాకా పడిపోయింది. నేను పక్కనుండే బెలాట్రిక్స్ నక్షత్రంతో పోల్చి చూశా, రెండూ కవలల్లా ఉన్నాయి. రోహిణి ముందు ఆర్ద్ర వెలవెలబోయింది. మా తాతకి చూపిస్తే "వానలు పడవేమోరా" అన్నాడు. అప్పుడు రోజూ చూసిన పదిహేను మందిలో ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?

చుక్కలరాయుడు
ఇప్పుడు అందరూ టీ కొరోనే బొరియాలిస్ అనే నక్షత్రం నోవా పేలుడు కోసం కాచుకున్నారు. 1866లో ఒకసారి, 1946లో ఒకసారి. 2024లోనే వచ్చేస్తుందని వార్తలు వేశారు, ఆ ఏడాదంతా రాలేదు.

మఖ_పుబ్బ_ఉత్తర
పండక్కి వస్తా వస్తా అని ఫోన్ చేసే అల్లుడు

సాఫ్ట్‌వేర్_శ్రవణ్
నిజాయితీగా అడుగుతున్నా. ఒక ఎర్ర నక్షత్రం 300 రోజులకోసారి వెలిగి ఆరుతుంది. వందేళ్ల రికార్డు ఉంది. ఇంకా చూస్తూ ఉంటే కొత్తగా ఏం తెలుస్తుంది?

బైనాక్యులర్_బాబాయ్
మంచి ప్రశ్న అడిగావ్ ఈసారి. ఆర్ హైడ్రే చూడు. 1700 ప్రాంతంలో దాని పీరియడ్ 495 రోజుల దాకా ఉండేది. తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు 400 లోపుకి వచ్చింది. నక్షత్రం లోపల హీలియం పొర ఒకసారి భగ్గుమని ఉంటే ఇలా జరగొచ్చంటారు. నక్షత్రం ముసలితనం మన కళ్ల ముందు నడుస్తోంది. అది తెలిసింది ఏ ఒక్కడి వల్లా కాదు. ఒకడు చూసి పోయాడు, ఇంకొకడు అందుకున్నాడు. నడుమ ఒక తరం "వందేళ్ల రికార్డు ఉందిగా" అని మానేసి ఉంటే?

సాఫ్ట్‌వేర్_శ్రవణ్
హ్మ్. ఇది నాకు తెలియదు.

పెన్నా_తీరం
స్క్రీన్‌షాట్ తీసుకున్నా 😄

డల్లాస్_పద్మ
అది కనపడే వేళ కూడా చెప్పండి బాబాయ్, అసలు కిటుకు అక్కడే ఉంది. అందరూ అన్నం తిని తొమ్మిదింటికి మేడెక్కుతారు. తూర్పున తెల్లవారుజామున పైకొచ్చే నక్షత్రాలని చూసే నాథుడు ఉండడు. ప్రతి నక్షత్రానికీ ఏడాదిలో సూర్యుడి పక్కకి వెళ్లి కనపడని రోజులుంటాయి. ఆ ఖాళీని రెండు వైపులా కుదించేది సంధ్య వేళ, తెల్లవారుజాము పరిశీలనలే. గ్రాఫ్‌లో పెద్ద పెద్ద బొక్కలన్నీ అక్కడే.

ఉప్పాడ_గాలి
మన దగ్గర ఇంకో బొక్క ఉంది, జూన్ నుంచి సెప్టెంబర్. దాన్నెవడూ పూడ్చలేడు.

కొత్తగా_చేరా
తెల్లవారుజాము అయితే నాకు సులువు! ధనుర్మాసం కదా, అమ్మ నాలుగున్నరకే లేపేస్తోంది. తను ముగ్గు వేస్తుంది, నేను మేడ మీద చూడొచ్చు. ఏ నక్షత్రం చెప్తారు? ఒక్కటే చెప్పండి. నలభై వద్దు ప్లీజ్.

చుక్కలరాయుడు
(నలభై సంగతి ఇక వదిలేయండి)

బైనాక్యులర్_బాబాయ్
ఆర్ లియోనిస్. ఐదింటికి మఖ నక్షత్రం దాదాపు నడినెత్తిన ఉంటుంది. అక్కణ్ణుంచి పడమరకి ఓ ఐదు డిగ్రీలు, బైనాక్యులర్ ఒక్క చూపులో పడుతుంది. 18 లియోనిస్, 19 లియోనిస్ అని రెండు చుక్కలు, 5.7, 6.4. వాటి పక్కనే చిన్న త్రికోణంలా ఉండే మూడోది మనది. ఎర్రగా ఉంటుంది. కనపడకపోతే "ఫలానాదాని కంటే మసక" అని రాయి, అదీ పరిశీలనే.

పెన్నా_తీరం
బాబాయ్, అడ్డు చెప్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఆర్ లియోనిస్‌ని ప్రపంచమంతా చూస్తుంది. రాయుడు అడిగింది ఎవరూ చూడనివాటి గురించి.

బైనాక్యులర్_బాబాయ్
సైకిల్ నేర్చుకునేవాడిని హైవే మీద వదులుతామా? నలుగురూ చూసేదాని మీద చెయ్యి కుదిరితే, తన అంకె నలుగురి అంకెలతో కలుస్తోందో లేదో తెలుస్తుంది. తర్వాతే ఒంటరి చుక్కలు. ఎవరూ చూడనిదాని మీద తప్పు చేస్తే పట్టుకునేవాడే ఉండడు.

పెన్నా_తీరం
అది నిజమే. అయితే రెండో మెట్టు నేను చెప్తా. వీఎస్ఎక్స్ అనే వేరియబుల్స్ కేటలాగ్‌లో మీకు నచ్చిన రాశి తీసుకుని 6 నుంచి 9 మాగ్నిట్యూడ్ మధ్య వెతకండి. రకం దగ్గర ఎస్ఆర్ (సెమీరెగ్యులర్) అని రాసి పక్కన రెండు చుక్కలు (:) పెట్టి ఉంటే "మాకూ ఖాయంగా తెలియదు" అని అర్థం. పీరియడ్ గడి ఖాళీగా ఉంటే ఇంకా మంచిది. ఎప్పుడో ఫోటో ప్లేట్ల కాలంలో ఎవరో అనుమానపడి రాసి వదిలేసినవి. 1982లో అచ్చయిన అనుమానిత వేరియబుల్స్ కేటలాగ్‌లోనే 14 వేలకి పైగా ఉన్నాయి. తర్వాత లైట్ కర్వ్ తెరిచి గత రెండేళ్లు చూడండి. ఖాళీగా ఉంటే అది మీదే.

ఊగుడు తక్కువున్నవాటికి కెమెరా. మామూలు డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్సు, ట్రైపాడ్. ఫోకస్ కొంచెం చెడగొట్టి ఐదారు సెకన్ల ఫోటోలు ఓ ఇరవై. రా (RAW) ఫైలే, జేపీజీ పనికిరాదు. ఆకుపచ్చ ఛానల్ తీసుకుని కొలవాలి. మొదటి నెలంతా నేను కెమెరాలో నాయిస్ రిడక్షన్ ఆన్ చేసి ఉంచా, అన్నీ పారేశా.

చుక్కలరాయుడు
ఆ కెమెరా లెక్క నాకు నేర్పండి. నా లిస్ట్‌లో ఆ పదకొండూ మీకిచ్చేస్తా.

పెన్నా_తీరం
ఐదు తీసుకుంటా. మిగతావి శ్రవణ్‌కి ఇవ్వండి, కొన్న కెమెరా మూలన పడుంది.

సాఫ్ట్‌వేర్_శ్రవణ్
కూకట్‌పల్లి ఆకాశం చూశారా మీరు? రాత్రి పదకొండుకి కూడా ఆకాశం నారింజ రంగే. ...ఎన్నో మాగ్నిట్యూడ్ దాకా వస్తుందో చూసి చెప్తా. మాటివ్వట్లేదు.

కొత్తగా_చేరా
చూశానోచ్!! మూడు రోజుల తర్వాత వస్తున్నా, మొదటి రెండు రోజులు పొగమంచు. మా వీధి ఎల్ఈడీ లైటు సరిగ్గా మేడ మీదికే కొడుతోంది. కుర్చీకి గొడుగు కట్టి అడ్డం పెట్టా. వాకిట్లో లైటు ఆర్పమంటే అమ్మ "ముగ్గు చీకట్లో వేయమంటావా" అని తిట్టింది. ఆఖరికి ముగ్గు అయ్యాక పది నిమిషాలు ఆర్పింది.

త్రికోణం దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఎర్రగా కాదు, నాకు ఇటుక రంగులా అనిపించింది. 64 కంటే కొంచెం వెలుగు, 57 కంటే బాగా మసక. 6.2 అని రాశా. తప్పా?

బైనాక్యులర్_బాబాయ్
నేనూ ఇవాళ పొద్దున చూశా తల్లీ. నాకు 5.9 వచ్చింది.

కొత్తగా_చేరా
అయ్యో. అయితే 6.0 అని మార్చేయనా?

బైనాక్యులర్_బాబాయ్
ముట్టుకోకు! నీకు కనపడింది 6.2. నాది చూసి మారిస్తే అక్కడ ఇద్దరు ఉండరు, నేను రెండుసార్లు ఉంటా. పైగా నాకు శుక్లాల ఆపరేషన్ అయింది, రంగులు నాకు నీకులా కనపడవు. తప్పు నాదే కావచ్చు.

సాఫ్ట్‌వేర్_శ్రవణ్
0.3 తేడా అని నేను మొదట్లోనే చెప్పా, గమనించగలరు 🙂

మఖ_పుబ్బ_ఉత్తర
శ్రవణ్, నీ కెమెరా ఏమైంది?

సాఫ్ట్‌వేర్_శ్రవణ్
బ్యాటరీ ఉబ్బిపోయింది. కొత్తది ఆర్డర్ పెట్టా, గురువారం వస్తుంది.

చుక్కలరాయుడు
కొత్తగా చేరిన అమ్మాయికి: ఏఏవీఎస్ఓలో ఖాతా తెరిచి అబ్జర్వర్ కోడ్ తీసుకో, ఆ 6.2 అలాగే పంపు, టైములో 5:30 తీసేసి. లేదంటే ఉప్పాడ పక్కన తెనాలి లోయ తయారవుతుంది.

పప్పిస్ చుక్క ఇవాళ 7.4. మా ఊళ్లో మబ్బు కమ్ముకొస్తోంది, రేపు ఎవరికైనా ఆకాశం తెరిపిగా ఉంటే పదకొండు తర్వాత ఒక్కసారి దానివైపు చూడండి. చార్ట్ కింద పెడుతున్నా.

ఉప్పాడ_గాలి
నాకు తెరిపే. చూస్తా.